1992 మియాటా: బ్రేకులు మార్చిన ఆరేళ్ల తర్వాత

2018 ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం మౌంట్ హామిల్టన్ మీద నుంచి శాన్ హోసే వైపు దిగుతున్నాం. సగం దూరం వచ్చాక ఒక మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందికి జారిపోయింది. వెంట వెంటనే రెండు మూడు సార్లు కొడితే కొంచెం పట్టింది. సెకండ్ గేరుకు దించి, హ్యాండ్ బ్రేకు కూడా లాగి, రోడ్డు పక్కన కాస్త జాగా ఉన్న చోట ఆపాను. ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. పక్క సీట్లో నా భార్య. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మా బండి 1992 మాజ్డా ఎంఎక్స్-5. అమెరికాలో అందరూ మియాటా అనే అంటారు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన తరం ఇది. 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్ పవర్, బరువు టన్నుకు కాస్త తక్కువ. మా దానికి ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ అయి జారకుండా చూసే ఏర్పాటు) లేదు. ఇంత తేలిక బండికి బ్రేకులతో ఇబ్బంది ఏముంటుందని నేనూ అనుకున్నాను.

ఆ కొండ రోడ్డును 1870లలో లిక్ అబ్జర్వేటరీ కోసం వేశారు. సామానంతా గుర్రపు బళ్ల మీద పైకి చేర్చాలి కాబట్టి వాలు తక్కువగా ఉండేలా మెలికలు తిప్పుతూ కట్టారు. ఆ తక్కువ వాలే మనల్ని మోసం చేస్తుంది. గట్టిగా తొక్కాల్సిన చోటు ఉండదు కానీ కాలు పెడల్ మీద నుంచి లేవదు. శిఖరం ఎత్తు దాదాపు 1,280 మీటర్లు. ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేశాను. మాతో కలిపి 1,100 కిలోల బండి 1,100 మీటర్లు దిగితే, ఆ శక్తంతా బ్రేకుల్లోకే పోతుందనుకుంటే, 100 కిలోమీటర్ల వేగం నుంచి 28 సార్లు పూర్తిగా ఆపినంత వేడి పుడుతుంది. మా నాన్న అంబాసిడర్‌లో తిరుమల ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేరు వదిలేవారు కాదు. ఆ మాట ఆ రోజు బాగా గుర్తొచ్చింది.

తప్పు ఎక్కడుందో విప్పితే తెలిసింది. బ్రేక్ ఆయిల్ కాఫీ డికాషన్ రంగులో ఉంది. బండి అమ్మినాయన బ్రేకులన్నీ కొత్తగా చేయించానని చెప్పాడు, నేను మూత తీసి చూడకుండా నమ్మాను. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అమెరికా ప్రమాణాల్లో డాట్ 3 అనే రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీలు ఉండాలి, నీరు చేరాక లెక్క 140కి పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరిని నొక్కితే నలుగుతుంది తప్ప, డిస్కును ఒరుసుకుని చక్రాన్ని ఆపే ప్యాడ్‌ను తొయ్యదు. పెడల్ జారిపోయింది అందుకే. ఎడమ చక్రం కాలడానికి కారణం వేరు. 26 ఏళ్ల రబ్బరు గొట్టం లోపల ఉబ్బి, ఆయిల్‌ను ముందుకు పోనిచ్చి వెనక్కి రానివ్వడం లేదు. మనం కాలు తీసినా ఆ చక్రం బ్రేకు పట్టుకునే ఉంది.

అందుకని ముందు పెద్ద బ్రేకుల సరంజామా ఏదీ కొనలేదు. నాలుగు గొట్టాలూ స్టీలు అల్లిక ఉన్నవి వేశాను. క్యాలిపర్ (చక్రంతో తిరిగే డిస్కుకు ప్యాడ్లను అదిమే భాగం) జారే పిన్నులు తీసి, తుడిచి, బ్రేకులకు వాడే గ్రీజు పెట్టాను. ఆయిల్ పూర్తిగా మార్చి డాట్ 4 పోశాను. ఆయిల్‌లో చిక్కిన ఎయిర్ తీయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. నా భార్య సీట్లో కూర్చుని "తొక్కా", "పట్టుకున్నా" అంటుంటే నేను కింద క్యాలిపర్ మీది నిపుల్ వదులు చేస్తూ బిగిస్తూ వెళ్లాను. వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, చివర ముందు ఎడమ. ఒక్క బుడగ కూడా రాకుండా అయ్యేసరికి చీకటి పడింది. మర్నాడు బండి తీస్తే పెడల్ రాయిలా ఉంది. నాకొచ్చిన లాభంలో సగానికి పైగా ఈ రిపేరుతోనే వచ్చిందని ఇప్పటికీ అంటాను.

పెద్ద బ్రేకుల జోలికి వెళ్లింది ట్రాక్ కోసం. థండర్‌హిల్ అనేది కాలిఫోర్నియాలోని రేస్ ట్రాక్. దాని తూర్పు సర్క్యూట్‌లో పొడవాటి స్ట్రెయిట్ తర్వాత 14వ మలుపు వస్తుంది. ప్రతి ల్యాప్‌లో గంటకు 150 కిలోమీటర్లు దాటిన వేగం నుంచి అక్కడ బ్రేకు వేయాలి. నాలుగు పిస్టన్ల (ఆయిల్ ఒత్తిడితో ప్యాడ్‌ను తోసే ముక్కలు) క్యాలిపర్లు ముందుకు మాత్రమే వేసుకోమని చాలామంది సలహా ఇచ్చారు. చక్రాల సందులోంచి ఎర్రగా కనిపిస్తే అందంగా ఉంటుంది, నిజమే. కానీ ముందు బ్రేకుల బలం ఒక్కటే పెంచితే ముందు టైర్లు త్వరగా లాక్ అవుతాయి, వెనక టైర్లు చేయగలిగిన పని మిగిలిపోతుంది. ఏబీఎస్ లేని బండిలో ఆగే దూరం పెరిగినా పెరగవచ్చు.

నేను 1994 తర్వాతి 1.8 లీటర్ల మియాటా బ్రేకులు నాలుగు చక్రాలకూ వేశాను. ముందు డిస్కులు 235 మిల్లీమీటర్ల నుంచి 255కి, వెనకవి 231 నుంచి 251కి పెరుగుతాయి. ముందు డిస్కు మందం 18 నుంచి 20 అవుతుంది. ఇందులో నాకు నచ్చిన సంగతి, క్యాలిపర్లు పాతవే పనికొస్తాయి. మారేవి క్యాలిపర్లను పట్టి ఉంచే బ్రాకెట్లు, డిస్కులు, ప్యాడ్లు. క్యాలిపర్ అదే కాబట్టి పెడల్ ఎంత లోపలికి వెళ్తుందో అంతే వెళ్తుంది. కంపెనీ 14 అంగుళాల చక్రాలు అలాగే సరిపోతాయి. ఆ తర్వాతి తరం స్పోర్ట్ రకం 270 డిస్కులు వేస్తే 15 అంగుళాల చక్రాలు కావాలి, నాకు అంత అవసరం అనిపించలేదు. డిస్కు వెనకుండే రేకు కొత్త డిస్కుకు రాసుకుంటుంది. దాన్ని కొంచెం వెనక్కి వంచాలి, ఇది ముందే తెలిస్తే మంచిది. బ్రాకెట్లు పాత బళ్ల యార్డులో దొరికాయి. అన్నీ కలిపి 560 డాలర్లయ్యాయి. పని రెండు శనివారాలు పట్టింది.

వెనక క్యాలిపర్ల దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. ఆ పిస్టన్‌ను సీ-క్లాంప్‌తో (సీ ఆకారంలో ఉండే బిగింపు పనిముట్టు) బలవంతంగా నొక్కకూడదు. 14 నంబరు బోల్టు తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితేనే పిస్టన్ వెనక్కి వెళ్తుంది. బిగించేటప్పుడు ప్యాడ్లు డిస్కును పట్టేదాకా తిప్పి, అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పాలి. ఇది సరిగ్గా కుదరకపోతే హ్యాండ్ బ్రేకు పట్టదు, పెడల్ కూడా లోతుకు పోతుంది.

ఇప్పటికి ఆరేళ్లు, 38 వేల మైళ్లు, 11 ట్రాక్ రోజులు. రోజూ ఫ్రీమాంట్ నుంచి ఆఫీసుకు వెళ్లేటప్పుడు తేడా పెద్దగా ఏమీ తెలియదు. పెడల్ కాస్త తేలికైంది. ప్యాడ్ పట్టే చోటు చక్రం మధ్య నుంచి పది మిల్లీమీటర్లు బయటికి జరిగింది కాబట్టి అదే ఒత్తిడికి సుమారు పదో వంతు ఎక్కువ పట్టు వస్తుంది. కానీ ఒక్కసారి గట్టిగా తొక్కితే ఆగే దూరం మారలేదు. పాత బ్రేకులకే టైర్లు లాక్ అయ్యేవి, ఇప్పుడూ అవుతాయి. ఆ దూరం తగ్గింది 2020లో మంచి మెత్తటి రబ్బరు టైర్లు వేశాకే. ఈ ముక్క అమ్మేవాళ్లెవరూ చెప్పరు, అందుకే ఇక్కడ గట్టిగా చెబుతున్నాను. మరి పెద్ద డిస్కు దేనికంటే, అదే పనిని ఇరవయ్యోసారి కూడా మొదటిసారిలాగే చేయడానికి. థండర్‌హిల్‌లో ఇరవై నిమిషాల సెషన్ చివరి ల్యాప్‌లోనూ 14వ మలుపు దగ్గర నేను మొదట గుర్తు పెట్టుకున్న బోర్డు దగ్గరే బ్రేకు వేస్తున్నాను. ఎండాకాలం అక్కడ 38 డిగ్రీల వేడిలో కూడా అంతే.

ప్యాడ్ల విషయంలో మాత్రం డబ్బు వృథా అయింది. చవకగా దొరికాయని కొన్న మొదటి సెట్ మూడో ట్రాక్ రోజుకే అంచుల్లో పొడిపొడిగా రాలింది. తర్వాత పూర్తి రేసింగ్ ప్యాడ్లు వేశాను. ట్రాక్ మీద అద్భుతం, కానీ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదటి సిగ్నల్ దగ్గర పట్టేవి కావు. అది కీచుమనే శబ్దం కన్నా పెద్ద సమస్య. ఇప్పుడు రోడ్డుకు ఒక సెట్, ట్రాక్‌కు ఒక సెట్. ముందు రోజు రాత్రి గంటన్నరలో మార్చేస్తాను.

కొత్త ప్యాడ్లు వేసిన ప్రతిసారీ ఖాళీ రోడ్డు మీద 60 మైళ్ల వేగం నుంచి 10కి ఎనిమిది పదిసార్లు తగ్గిస్తాను, బండి పూర్తిగా ఆపకుండా. వేడి మీద ఆపి తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకే చోట అంటుకుంటుంది. డిస్కు వంగిపోయిందని చెప్పే వణుకు చాలాసార్లు ఈ మరకే. 2021లో నాకూ వచ్చింది. డిస్కులు పారేయబోయి, మళ్లీ అదే పద్ధతిలో పదిసార్లు వేడెక్కిస్తే పోయింది.

ఆయిల్ మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 వాడుతున్నాను, కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా మరగదు. ఏడాదికోసారి, ట్రాక్‌కు ముందు తప్పకుండా మారుస్తాను.

మిగిలిన తలనొప్పి వెనక కుడి హ్యాండ్ బ్రేకు లివరే. వాన కాలం తర్వాత పట్టేసి పూర్తిగా వెనక్కి రావడం లేదు. రెండుసార్లు శుభ్రం చేశాను, మళ్లీ అదే వరస. ఈ డిసెంబరులో ఆ క్యాలిపర్ విప్పి సీళ్లు మారుస్తాను. అప్పటిదాకా వాలులో ఆపితే ఫస్ట్ గేరులో పెట్టి, చక్రం కింద చెక్క ముక్క పెడుతున్నాను.