ఫైల్ హిస్టరీతో నాలుగేళ్లు: ఒక డీటీపీ షాపు అనుభవం

విజయవాడ గవర్నర్‌పేటలో మాది చిన్న డీటీపీ షాపు, ఎక్కువగా పెళ్లికార్డులు, అప్పుడప్పుడు ఫ్లెక్సీలు. విండోస్ 10లో ఫైళ్లకు బ్యాకప్ తీసిపెట్టే ఫైల్ హిస్టరీని ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌తో నాలుగేళ్ల పైనే వాడాను. వాడండి, కానీ "ఆన్" అని కనిపించింది కదా అని వదిలేయకండి.

ఫ్రీ. ఒకసారి ఆన్ చేస్తే గంటకోసారి మారిన ఫైళ్లను దానంతట అదే కాపీ చేసుకుంటుంది, పాత వెర్షన్లూ ఉంచుతుంది. కస్టమరు నాలుగుసార్లు మార్పించి చివరికి "మొదటిదే బాగుందండీ" అన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. డిస్క్‌లో ఫైలు పేరు పక్కన ఉండేది యూటీసీ టైము, అంటే మన టైముకి ఐదున్నర గంటలు వెనక, పొద్దున 11:40కి సేవ్ చేసింది 06_10 అని ఉంటే కంగారు పడకండి.

ఇక నా కొంప మునిగిన సంగతి. సీ డ్రైవ్ నిండిపోయిందని పెళ్లికార్డుల ఫోల్డర్‌ని డీ డ్రైవ్‌లోకి మార్చా. ఫైల్ హిస్టరీ మామూలుగా చూసుకునేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే, మిగతా చోట్ల ఉన్నవాటిని మనమే "యాడ్ ఎ ఫోల్డర్" నొక్కి చేర్చాలి. నేను చేర్చలేదు. దాని లెక్కలో అంతా బాగానే ఉంది కాబట్టి "లాస్ట్ బ్యాకప్" పక్కన ఏ రోజుకారోజు తేదీ కనిపించేది, నేనూ హాయిగా ఉన్నా. సరిగ్గా మాఘమాసం ముహూర్తాల మధ్యలో కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ పోయింది. బ్యాకప్ తీసి చూస్తే మా పాప డాన్స్ ఫోటోలు నిక్షేపంగా ఉన్నాయి, ఎనిమిది నెలల కార్డులు లేవు. తప్పు నాదే.

పోనీ అంతకుముందువైనా వాడుకుందామని కొత్త మెషిన్‌లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, ఏవో గుర్తులు! పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టినవి, ఎక్కడైనా తెలుగులా కనిపించే యూనికోడ్ కాదు, ఫాంటు లేకపోతే అంతే. ఆ ఫాంట్లుండేది విండోస్ ఫోల్డర్‌లో, అది ఈ బ్యాకప్‌లోకి రాదు. ఇప్పుడు వాటిని కూడా డాక్యుమెంట్స్‌లో ఒక కాపీ పెట్టుకున్నా.

అప్పట్నుంచి ప్రతినెలా ఒకటో తారీఖున షాపు తెరవగానే, నిన్న చేసిన కార్డొకటి, ఆరు నెలల కిందటిదొకటి వేరే చోటికి రీస్టోర్ చేసి, పక్క కంప్యూటర్‌లో తెరిచి చూస్తా. తెలుగు తెలుగులా కనిపిస్తేనే బ్యాకప్ ఉన్నట్టు. ఐదు నిమిషాల పని. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి యూఎస్‌బీ వైరు ఊడిపోయిన సంగతి కూడా ఒకసారి అలాగే బయటపడింది. అన్నట్టు, పాత వెర్షన్లు ఎన్నాళ్లు ఉంచాలన్న చోట ముందే "ఫరెవర్" అని ఉంటుంది, నేను ఒక ఏడాదికి తగ్గించా, లేకపోతే డిస్క్ నిండిపోతుంది.

ఇంకో డిస్క్ కూడా ఉండాలి, వేరే చోట. నాది సింగ్‌నగర్‌లో మా ఇంట్లో, బీరువా కింది అరలో ఉండేది. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు బీరువాతో పాటే మునిగింది. షాపులోది ఉంది కాబట్టి బతికిపోయా. ఇప్పుడు రెండో డిస్క్ గుంటూరులో మా అత్తగారింట్లో అటక మీద ఉంటుంది, నెలకోసారి వెళ్లి మార్చుకొస్తా. హార్డ్ డిస్క్ పుణ్యమా అని అల్లుడు కనిపిస్తున్నాడని మా అత్తగారు అందరికీ చెబుతోంది.