కడపలో మా ఇంటి నెట్టు: ఏడాది వాడినాక, రెన్యూవల్‌కు బేరమాడినాక రాస్తాండే రివ్యూ

ముందే చెప్తాండా, కంపెనీ పేరు రాయను. లైన్ ఇంకా వాళ్ళదే నడుస్తాంది, పైగా నిచ్చెన భుజాన వేసుకోని వచ్చే లైన్‌మ్యాన్ పిల్లోడు మంచోడు, ఆయనకు మాట రావడం నాకిష్టం లేదు. కానీ ప్లాన్ అయిపోయేటప్పుడు జరిగిన బేరం మాత్రం మొత్తం రాస్తా, ఈ నెలో వచ్చే నెలో రెన్యూవల్ ఉండేవాళ్ళకు పనికొస్తాది.

మాది ఎర్రముక్కపల్లి వైపు. బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చోనే అకౌంట్స్ చూస్తా, పొద్దున తొమ్మిదిన్నరకల్లా వీడియో కాల్‌లో ఉండాల. మా ఆయన షాపుకు పోతాడు, పిల్లోడు ఎనిమిదో తరగతి, మా అత్తకు సీరియల్ టీవీలో ఒకసారి, మళ్ళా ఫోన్లో ఇంకోసారి చూడాల. పోయిన మేలో 12 నెలలకు ఒకేసారి కట్టేసినా, 100 ఎంబీపీఎస్ స్పీడ్, నెలకు 650 అన్నారు, ఇన్‌స్టలేషన్ ఫ్రీ అన్నారు, తీరా బిల్లు చూస్తే 7,800 మీద 18 శాతం జీఎస్టీ 1,404 పడి 9,204 అయింది. మోసమేం కాదులే, ఎవరైనా జీఎస్టీ లేకుండానే రేటు చెప్తారు, పాంప్లెట్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసుంటాది, నేనే చూసుకోలే.

నెట్టు వచ్చినప్పుడు బాగానే వస్తాది. రానప్పుడే కథ. వినాయక చవితి నిమజ్జనానికి పోతాండే ట్రాక్టర్ మీద విగ్రహం కిరీటం తగులుకోని మా వీధి వైరు తెగిపోయింది, మూడు రోజులు లేదు. ఆ తర్వాత వానలకు రెండు రోజులు. తర్వాత అప్పుడొక పూట, ఇప్పుడొక పూట, పెట్టె మీద ఎర్ర లైట్ వెలుగుతాది, ఫోన్ చేస్తే కంప్లైంట్ నంబర్ మెసేజ్ వస్తాది, మనిషి రాడు. మా అత్త గోడ క్యాలెండర్లో పాల లెక్క రాసుకుంటాది, లీటరు, అర లీటరు, పాలోడు రాని రోజు సున్నా. ఆమెకు నేనేం చెప్పలే, ఆమంతట ఆమే ఒక రోజు పాల లెక్క పక్కన 'నె' అని రాసి చుట్టూ గుండ్రంగా గీత గీసింది. ఏందత్తా ఇది అంటే "పాలు పోయని రోజుకు మనం డబ్బులియ్యం కదమ్మే, వీళ్ళకు మాత్రం ఎందుకియ్యాల" అనింది. ఏడాదిలో అట్లాంటి 'నె'లు 11 అయినాయి. నేను నవ్వి ఊరుకున్నా గానీ, ఆ క్యాలెండరే పనికొచ్చింది, అది తర్వాత చెప్తా.

ప్లాన్ అయిపోయేదానికి నెల ముందు నుంచి మెసేజ్‌లు మొదలైనాయి. రెన్యూవల్ రేటు నెలకు 750 అంట, 12 నెలలకు జీఎస్టీతో కలిపి 10,620. సరే ధరలు పెరిగినాయి కాబోలు అనుకున్నా. ఆ ఆదివారమే పేపర్లో పాంప్లెట్ పడింది, అదే కంపెనీ, అదే 100 ఎంబీపీఎస్, కొత్తగా చేరేవాళ్ళకు 550. లెక్కేసినా, జీఎస్టీతో 7,788. అంటే ఏడాది నుంచి ఎండకు వానకు వాళ్ళను భరించిన నేను కొత్త వాళ్ళ కంటే 2,832 రూపాయలు ఎక్కువ కట్టాలన్నమాట. ఇంటి అల్లుడికి సంకటి, దోవన పోయేవాడికి బిర్యానీ.

కాల్ సెంటర్‌కు చేసినా. ఆ అమ్మాయి "మేడమ్, అది న్యూ కస్టమర్ ఆఫర్ మేడమ్" అని ఆ ఒక్క ముక్కే నాలుగు సార్లు చెప్పింది, పాపం ఆమె చేతిలో ఏముంటాది. వెనక రూములో స్పీడ్ తక్కువొస్తాంది కదా అంటే వెంటనే "200 ఎంబీపీఎస్‌కు అప్‌గ్రేడ్ అవ్వండి మేడమ్" అనింది. చాలామంది ఇక్కడే పడిపోతారని నా అనుమానం. నేను కూడా అయిదు నిమిషాలు ఊగిసలాడినా.

మా తమ్ముడు (వాడు చిన్న నెట్‌వర్కింగ్ ఉద్యోగం చేస్తాండాడు) ఫోన్లోనే నాతో టెస్ట్ చేయించినాడు. వెనక రూములో వైఫై మీద చూస్తే 28 ఎంబీపీఎస్ వచ్చింది. అదే ల్యాప్‌టాప్‌కు ల్యాన్ వైరు పెట్టి చూస్తే 96. అంటే వీధిలో నుంచి నెట్టు సక్రమంగానే వస్తాంది, ఇంట్లో పంచేదాంట్లోనే లోపం. వాళ్ళిచ్చిన రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒక్క బ్యాండే ఇచ్చే పాతరకం, దాన్ని తీసుకోనిపోయి కడప బండ అలమారలో, పైనొక బండ కిందొక బండ, మధ్యలో పెట్టినారు, మా ఇంటి గోడలేమో తాతల నాటి రాతి గోడలు. దాని మీద 200 ప్లాన్ తీసుకున్నా ఆ రూములో అదే 28 వచ్చేది, డబ్బులు మాత్రం ఎక్కువ పోయేవి. ఇంకోటి, వంద ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 ఎంబీ దిగుతాదని మా ఆయన ఇప్పటికీ అనుకుంటాడు, ఎనిమిదితో భాగించాల, 12.5 ఎంబీ అంతే. హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్ ఉంటే చాలు, మా ఇంట్లో ముగ్గురు ఒకేసారి చూసినా 100లో సగం కూడా వాడం. యాప్‌లో వాడకం చూస్తే ఎండాకాలం సెలవుల నెలలో కూడా 412 జీబీ, వాళ్ళ 'అన్‌లిమిటెడ్' హద్దు 3,300 జీబీ.

అంటే నాకు కావాల్సింది పెద్ద ప్లాన్ కాదు, మంచి రౌటరు, తక్కువ రేటు. ఇది తెలిసినాక రొంత ధైర్యం వచ్చింది.

తర్వాత పక్క కంపెనీల రేట్లు. మా అత్తకు ఇంకా 2017 డిసెంబర్లో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పటి 149 రూపాయలే గుర్తు, నెట్టు, టీవీ, ఫోను మూడూ కలిపి అంతే కదా, కరెంటు స్తంభాల మీద వైరు లాగి ఇచ్చిరి కదా అంటాది. అప్పుడు దాంట్లో వచ్చింది 15 ఎంబీపీఎస్ అత్తా అంటే వినదు. నా లెక్కలో కొలబద్ద జియోది, 2020లో వాళ్ళు నెలకు 399కి 30 ఎంబీపీఎస్, 699కి 100 అని పెట్టినప్పటి నుంచి ఎవరు రేటు చెప్పినా జనం దాంతోనే పోల్చుకుంటాండారు. జీఎస్టీ కలిపితే 399 కాస్తా 471 అయితాది, 699 కాస్తా 825 అయితాది, పోల్చేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

అయితే రేటు తెలిసినంత మాత్రాన బేరం కుదరదని ఆఫీసుకు పోయినాకనే తెలిసింది. సెల్ నంబర్ అయితే 2011 నుంచి దేశమంతా నంబర్ మారకుండా కంపెనీ మారే సౌకర్యం ఉండాది, 1900కు ఒక మెసేజ్ పెట్టి కోడ్ తెప్పించుకుంటే మారిపోవచ్చు, వాళ్ళు భయపడి మనకే ఫోన్ చేస్తారు. ఇంటి నెట్టుకు ఆ దారి లేదు, ఇంకో కంపెనీ వైరు మన గడప దాకా వస్తేనే మారేది.

పోయినరోజు ముందు ఏడురోడ్ల దగ్గర కారం దోశ తినేసి పోయినా, కడుపులో మంట ఉంటే మాట గట్టిగా వస్తాదని. వీళ్ళ ఆఫీసు మేడ మీద ఒక చిన్న రూము, ఒక ఏసీ, ఒక మూల వైరు చుట్టలు, కౌంటర్లో పాతికేళ్ళ పిల్లోడు. రేటు సంగతి అడిగినా. సిస్టమ్‌లో 750 చూపిస్తాందక్కా అన్నాడు. ఫలానా కంపెనీకి మారిపోతా అన్నా. ఆ పిల్లోడు నవ్వినాడు. "అక్కా, మీ స్తంభం మీద వాళ్ళ బాక్సు ఫుల్. కనెక్షన్లిచ్చే ఎనిమిది పోర్టులూ నిండిపోయినాయి. మేము రోజూ ఎక్కే స్తంభమే కదా, మాకు తెలీదా."

నా గాలి మొత్తం పోయింది. నేను పాంప్లెట్ ముడిచి బ్యాగులో పెట్టుకోని దిగి వచ్చేసినా.

సాయంత్రం వీధి చివర ఉండే ఇంకో కంపెనీ పిల్లోణ్ణి పట్టుకున్నా. ఆయన బండి దిగి స్తంభం కింద నిలబడి బాక్సు తెరిచి చూసి, కిరాణా కొట్టు ముందరి బాక్సులో రెండు పోర్టులు ఖాళీ ఉండాయి, అక్కడ నుంచి మీ ఇంటికి 60 మీటర్లు వస్తాది, వేప చెట్టు కొమ్మ ఒకటి కొట్టాల, రేపు పదకొండుకు వస్తా అన్నాడు. రాసిస్తావా తమ్ముడూ అంటే వాట్సాప్‌లో రేటుతో సహా పెట్టినాడు.

మరుసటి రోజు మళ్ళా మేడ ఎక్కినా. ఈసారి ఏ కంపెనీ, ఏ బాక్సు, ఎన్ని మీటర్లు, ఏ కొమ్మ కొట్టాల అన్నీ చెప్పినా. నవ్వలే. ఫోన్ తీసి మా అత్త క్యాలెండర్ ఫోటోలు చూపించినా, 11 'నె'లు, ఒక్కోదానికి కంప్లైంట్ నంబర్ ఉన్న మెసేజ్. ఆ పిల్లోడు క్యాలెండర్ను వేళ్ళతో పెద్దది చేసి చూసి "ఇది పాల లెక్క కదక్కా" అన్నాడు. రెండూ ఉండాయి చూడు అన్నా. లోపలికి పోయి ఎవరితోనో మాట్లాడి వచ్చి 700 అన్నాడు. నేను వద్దన్నా. అరవలే, ట్రాయ్ (టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ), కన్జ్యూమర్ కోర్టు అని ఏం బెదిరించలే. (కంప్లైంట్ నంబర్‌కు జవాబు రాకుంటే కంపెనీలోనే పై అప్పీలు ఉంటాది, 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ ఉండాది, అవి నెట్టు రాని గొడవకు వాడుకోవాల గానీ రేటు తగ్గించేదానికి కాదు అని నా ఉద్దేశం.) ఆలోచించుకోని చెప్తాలే తమ్ముడూ అని వచ్చేసినా.

ప్లాన్ అయిపోయింది. కట్టలే. ఇది చేయాలంటే మాత్రం ముందు ఇంట్లో వాళ్ళను ఒప్పించుకోవాల. రెండు రోజులు నా ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసినా, పిల్లోడు అలిగినాడు, అత్త ఒక్కతే గెలిచినట్టు కూర్చుంది, క్యాలెండర్లో 'నె' రాయాల్నా వద్దా అని కూడా అడిగింది. అవతలి పిల్లోణ్ణి కూడా రెండు రోజులు ఆగమని చెప్పుకున్నా. రెండో రోజు మధ్యాహ్నం వేరే నంబర్ నుంచి ఫోన్, ఈసారి మగ గొంతు, తెలుగులో నిమ్మళంగా, "మేడమ్ రెన్యూ చేయలేదేం" అని. అప్పుడు మాట్లాడినా అసలు బేరం. నెలకు 600, జీఎస్టీతో 8,496. పోయిన 11 రోజులకు బదులు ఒక నెల ఎక్కువ, అంటే 13 నెలలు. రెండు బ్యాండ్లు ఉండే కొత్త రౌటర్ ఊరికే. లైన్ పవర్, అంటే వైరులో వచ్చే సిగ్నల్ బలం, సరి చేయాల. 550 ఇవ్వమని చివరిదాకా అడిగినా, ఇవ్వలే, కొత్త వాళ్ళ రేటు పాత వాళ్ళకు సిస్టమ్ తీసుకోదంట. పోనీలే అనుకున్నా, 8,496ను 13తో భాగిస్తే నెలకు 653న్నర, కొత్త వాళ్ళకు పడేది 649. నాలుగున్నర రూపాయల కోసం వేప కొమ్మ కొట్టించడమెందుకు. అవతలి పిల్లోడికి ఫోన్ చేసి రావద్దులే నాయనా అని చెప్పినా, ఆయనకు కోపమేం రాలే, అలవాటే అన్నాడు.

లైన్‌మ్యాన్ పిల్లోడు వచ్చి మీటర్ పెట్టి చూస్తే పవర్ మైనస్ 28 ఉండాది, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. మైనస్ 27 దిగిపోతే పెట్టె తట్టుకోలేదక్కా, అందుకే ఎర్ర లైట్ అన్నాడు. పాత కనెక్టర్ కోసేసి, వైరు చివర గీరి, స్పిరిట్ పెట్టి తుడిచి, కొత్తది కొట్టినాడు, మైనస్ 20కి వచ్చింది. పది నిమిషాల పని. ఈ పది నిమిషాల పనికి నేను ఏడాదంతా కంప్లైంట్ నంబర్లు పోగేసుకున్నా. రౌటర్‌ను బండ అలమారలో నుంచి తీసి హాల్లో తలుపు పైన పెట్టించినా, వెనక రూములో ఇప్పుడు 70 పైన వస్తాది. కరెంటు పోయినప్పుడు పనికొస్తాదని 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి నేనే కొనుక్కున్నా, ఎండాకాలం కోతలకు అది లేకుంటే కష్టం.

ఒక్క జాగ్రత్త. ఫోన్లో ఒప్పుకున్నవి డబ్బులు కట్టకముందే మెసేజ్‌లో తెప్పించుకోండి. నేను తెప్పించుకున్నా, అయినా కట్టినాక యాప్‌లో చూస్తే 12 నెలలకే ఎక్స్‌పైరీ తేదీ పడింది. ఆ మెసేజ్ చూపించి నాలుగు రోజులు తిరిగితే 13వ నెల ఎక్కించినారు. మెసేజ్ లేకుంటే గమ్మునుండాల్సిందే. ఇంకా, అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు ఏడాదికి కట్టొద్దు, ఆరు నెలలకు కట్టుకోండి, ఇల్లు మారితే కొత్త వీధిలో వాళ్ళ బాక్సు ఉంటాదో లేదో.

స్టార్లు అడిగితే నెట్టుకు నాలుగు, లైన్‌మ్యాన్‌కు అయిదు, కాల్ సెంటర్‌కు ఒకటి, మేడ మీద ఆఫీసుకు రెండున్నర. ఆ అర ఎందుకంటే రెండోసారి పోయినప్పుడు మజ్జిగ తెప్పించినారు. జీఎస్టీ బిల్లు ఇంకా పంపలే, నా కంపెనీలో నెట్ ఖర్చు క్లెయిమ్ చేసుకునేదానికి అది కావాల, సోమవారం మళ్ళా మేడ ఎక్కాల.