తరంగంబాడి బంగళాలో బస: ఏ గది, ఏ రోజులు

సముద్రానికి ఎదురుగా ఉన్న పాత దొరల ఇంట్లో ఒకటి రెండు రాత్రులు గడపాలనుకునేవాళ్లకు తమిళనాడు తీరంలో తరంగంబాడిని మించిన చోటు లేదు. పుదుచ్చేరిలో అలాంటి ఇళ్లు ఎక్కువ, సేవలూ అక్కడే మెరుగు. కాకపోతే వాటిలో చాలావరకు వీధి మీదికి తెరుచుకుంటాయి. ఇక్కడ నీమ్రానా హోటళ్ల సంస్థ నడిపే ‘బంగ్లా ఆన్ ద బీచ్’ వరండాలో కూర్చుంటే ఎదురుగా సముద్రమే. డేన్స్‌బోర్గ్ కోట నాలుగు అడుగుల దూరం. బ్రిటిష్ వాళ్ల హయాంలో ఈ బంగళా కలెక్టరు ఇల్లు.

ఊరి కథకు మొదట్లోనే ఒక తెలుగు ముడి ఉంది. 1620లో డేన్‌లకు, అంటే డెన్మార్క్ వాళ్లకు, ఇక్కడ కోట కట్టుకోనిచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు. 1845లో డేన్‌లు ఈ ఊరిని బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌తో కలిపి 12.5 లక్షల రూపాయలకు ఈస్టిండియా కంపెనీకి అమ్మేశారు.

బుక్ చేసేటప్పుడే ఒక విషయం తేల్చుకోవాలి. అదే సంస్థకు ఊళ్లో గేట్ హౌస్, నాయక్ హౌస్ అని విడిగా మరో రెండు ఇళ్లున్నాయి. సముద్రపు వరండా కోసం వచ్చి, ధర తక్కువని అక్కడ గది తీసుకుంటే ప్రయాణం ఉద్దేశమే తప్పిపోతుంది. ఏ ఇల్లు, ఏ అంతస్తు, వరండా ఏ దిక్కున, ఈ మూడూ రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోవాలి. మేడ మీద తూర్పు గది మొదటి ఎంపిక: గాలి బాగా ఆడుతుంది, తేమ తక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే మాత్రం కింది గదే అడగండి, పాత ఇళ్ల మెట్లు వాళ్లకు కష్టం.

తూర్పు వరండా పొద్దున ఎనిమిదికల్లా ఎండ పట్టేస్తుంది. మధ్యాహ్నం దాటాక నీడ వస్తుంది, సముద్రపు గాలీ అప్పుడే అందుకుంటుంది. కాబట్టి ఉదయం ఊరు తిరిగి, మూడు నుంచి చీకటిపడే దాకా వరండాలో ఉండేలా రోజును సర్దుకుంటే ఇచ్చిన డబ్బు గిట్టుబాటవుతుంది. గదుల కప్పు ఎత్తు, చెక్క తలుపులకు సందులు, అందుకే ఏసీ వేసిన వెంటనే చల్లబడదు. పడుకోవడానికి గంట ముందే వేసుకోవాలి. సూర్యోదయం ఫొటోలు తీయాలంటే బయటికి వెళ్లడానికి అరగంట ముందు ఏసీ ఆపి, కిటికీ తెరిచి, కెమెరాను దాని దగ్గర పెట్టండి. చల్లటి లెన్సు ఒక్కసారిగా ఉప్పుగాలిలోకి వెళ్తే ఆవిరి పట్టి పది నిమిషాలు ఏమీ కనబడదు. ఆ పది నిమిషాల్లోనే అసలు రంగులు అయిపోతాయి.

గోడల అడుగున మోకాలెత్తు వరకు సున్నం పెచ్చులూడి, తెల్లటి పొడి రాలుతుంటే నిర్లక్ష్యమని అనుకోకండి. నేలలోని తేమ ఉప్పును గోడలోకి లాగుతుంది. నీరు ఆరాక ఆ ఉప్పు గడ్డకట్టి గారను బయటికి తోస్తుంది. సిమెంటుతో పూస్తే తేమ లోపలే చిక్కుకుని పై ఇటుకల దాకా పాకుతుంది. అందుకే సముద్రపు ఒడ్డున పాత ఇల్లు నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ సున్నమే వేయించాలి. అలా చేయించే చోటును గౌరవించాలి. మీరు చేయాల్సిందల్లా పెట్టెను గోడకు జానెడు దూరంలో పెట్టుకోవడమే.

తినడానికి ఊళ్లో చోట్లు తక్కువ. రాత్రి భోజనానికి ఏం కావాలో మధ్యాహ్నంలోపే చెప్పేయండి. చేపా రొయ్యా పొద్దున పడవలొచ్చినప్పుడు కొనేవే. సాయంత్రం అడిగితే ఉన్నదే తినాలి.

తేదీల దగ్గరే చాలామందికి ఇబ్బంది వస్తుంది. దగ్గర్లోని తిరుక్కడైయూర్ అభిరామి అమ్మవారి గుడిలో షష్టిపూర్తి చేసుకోవడానికి మనవాళ్లూ పెద్ద సంఖ్యలో వస్తారు. ముహూర్తాల రోజుల్లో చుట్టుపక్కల గదులూ కార్లూ దొరకవు. కారైకాల్ పక్కన తిరునళ్లారు శనీశ్వరుడికి శనివారం రద్దీ. సోమవారం నుంచి గురువారం లోపు చూసుకోండి. శుక్రవారం కోట మ్యూజియానికి సెలవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. జనవరి, ఫిబ్రవరి మేలు. షష్టిపూర్తికే వస్తే తెల్లవారుజామున పీటల మీద కూర్చోవాలి కాబట్టి ఆ రాత్రి తిరుక్కడైయూర్‌లోనే ఉండి, మర్నాడు బంగళాకు మారడం సుఖం.

ఊరు నడకకు గంటన్నర చాలు. 1792 నాటి నగర ద్వారం నుంచి కింగ్స్ స్ట్రీట్ మీదుగా సముద్రం వైపు వస్తే 1701 నాటి జియాన్ చర్చి, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి వస్తాయి. తమిళంలో బైబిల్ కొత్త నిబంధన అచ్చువేయించిన జీగెన్‌బాల్గ్ సమాధి రెండోదాంట్లో ఉంది. ఒడ్డున ఉన్న మాసిలామణినాథర్ గుడి 1306లో పాండ్యుల కాలంలో కట్టింది. దాని ముందుభాగాన్ని సముద్రం తినేసింది. దగ్గరికి వెళ్లి చూస్తే కోత ఎంత లోపలికి వచ్చిందో తెలుస్తుంది.

సముద్రంలో మాత్రం దిగొద్దు. గట్టు కోసం వేసిన బండల మీద పాచి పడుతుంది, కెరటం వెనక్కి లాగుతుంది. పిల్లలుంటే కాళ్లు తడుపుకోవడం దగ్గరే ఆపండి.

రైల్లో అయితే చెన్నై ఎగ్మూరు నుంచి మయిలాడుదురై సుమారు అయిదు గంటలు. అక్కడినుంచి ఇంకో 30 కిలోమీటర్లు కారులో వెళ్లాలి. కారు ముందే మాట్లాడుకుని, తిరుగు ప్రయాణం సమయం కూడా అప్పుడే ఖాయం చేసుకోండి. చేతిలో కొంత నగదు ఉంచుకోండి.