సర్కారు బడిలో ఏఐ: ఫ్రీగా వచ్చింది, కొన్నది, చివరికి మిగిలింది

నేను హైదరాబాద్‌లో ఓ ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. కంప్యూటర్ ల్యాబ్ తాళంచెవి కూడా నా దగ్గరే ఉంటుంది కాబట్టి బడికి ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా ముందు నా నెత్తినే పడుతుంది. మా దగ్గర ఏఐ సందడి మొదలై ఇది మూడో విద్యా సంవత్సరం. ఈమధ్య వేరే బడుల హెచ్ఎంలు, సాయం చేద్దామనుకునే దాతలు "ఏది తీసుకోమంటారు సార్?" అని ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లల చేతికిచ్చిన ఖరీదైన ఏఐ కంటే టీచర్ చేతిలో ఉన్న చవక ఏఐ మా బడికి ఎక్కువ అక్కరకొచ్చింది. ఇంకోటి, దాత ఇచ్చే గడువు తీరాక, మూడో ఏడు డబ్బు ఎవరు కడతారో తేలకుండా ఏదీ మొదలుపెట్టొద్దు.

మా పిల్లల గురించి రెండు మాటలు. కొందరి తల్లిదండ్రులు పాలమూరు నుంచి కూలి పనికి వచ్చినవాళ్లు, కొందరు బిహార్ నుంచి. కొన్ని ఇళ్లలో ఉర్దూ, కొన్నిట్లో లంబాడీ. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లోకి ఇంగ్లిష్ మీడియం వచ్చింది కదా, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. రెండు పేజీలూ సరిగ్గా చదవలేని పిల్లలు ఆరో తరగతిలో ప్రతి ఏడూ ఉంటారు. ఏ ఏఐ అయినా ఈ పిల్లలకు పనికొస్తేనే లెక్క. కార్పొరేట్ బడిలో ఎలా పనిచేసిందో నాకు అనవసరం.

మొదట వచ్చింది లెక్కల ప్లాట్‌ఫామ్. ఓ కంపెనీ తన సీఎస్ఆర్ నిధుల్లోంచి, అంటే కంపెనీలు సమాజసేవకు పెట్టాల్సిన డబ్బులోంచి, ట్యాబ్‌లు, వాటిలో ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పించింది. పిల్లలు చేసే తప్పొప్పుల్ని బట్టి తర్వాతి లెక్క స్థాయి మారుతుంది, ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఏఐ పట్టేసి టీచర్‌కి చెబుతుంది అన్నారు. రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగారు, సమోసాలు పెట్టారు. పిల్లలు ఎగబడ్డారు. మొదట్లో నాకూ బాగా నచ్చింది. వెనక బెంచీవాడు కూడా తల వంచుకుని లెక్కలు చేస్తుంటే ఏ లెక్కల టీచర్‌కి నచ్చదు?

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయికి డ్యాష్‌బోర్డులో, అంటే పిల్లల ఫలితాలు టీచర్‌కి చూపే తెరలో, భిన్నాల అధ్యాయమంతా పచ్చరంగు. అంటే వచ్చేసినట్టు. బడిలో పెట్టే ఎఫ్ఏ రాత పరీక్ష పేపర్లు దిద్దుతుంటే అదే అమ్మాయి 3/4కి 1/6 కలిపి 4/10 అని రాసింది. పైవి పైన, కిందివి కింద కూడేసింది. ల్యాబ్‌లో పక్కన కూర్చుని చూస్తే అప్పుడు తెలిసింది సంగతి. మొదటి ఆప్షన్ నొక్కింది, తప్పు. సూచన బటన్ నొక్కింది, క.సా.గు. 12 అని చూపించింది. మళ్లీ నొక్కింది, 9/12, 2/12 అని అదే రాసిచ్చింది. ఇక మిగిలింది తొమ్మిదికి రెండు కలపడం. "ఇట్ల ఒత్తుకుంట పోతే అదే చెప్తది సార్" అంది నవ్వుతూ.

ఆ పిల్ల తెలివికి నాకు ముచ్చటేసింది. బుద్ధి లేనిది ఆ డ్యాష్‌బోర్డుకే. ఎవరి సాయం లేకుండా చేసిన లెక్కకీ, బటన్ నొక్కి నొక్కి రాబట్టిన జవాబుకీ ఒకటే మార్కు వేస్తోంది. కంపెనీకి చెబితే "వచ్చే అప్‌డేట్‌లో చూస్తాం సార్" అన్నారు. చాలా నెలలకు సూచన వాడిన లెక్కల్ని వేరే రంగులో చూపించడం మొదలైంది. ఈలోగా నేను ఒక నియమం పెట్టాను. ట్యాబ్‌లో చేసిన ప్రతి లెక్కా నోట్‌బుక్‌లో మెట్లతో ఉండాలి, లేకపోతే చేయనట్టే. అప్పటినుంచి ఆరు, ఏడు తరగతులకు అభ్యాసం కోసం నిజంగానే బాగుంది. పూర్ణసంఖ్యల గుర్తుల దగ్గర తడబడే పిల్లలు విసుగులేకుండా చేశారు. పిల్లలకు ఎంత వచ్చిందో తేల్చే పనికి మాత్రం నేను దాన్ని నమ్మను. పై అధికారులకు ఆ పచ్చరంగు రిపోర్టు పంపమన్నా, పక్కన రాత పరీక్ష మార్కులు పెట్టే పంపుతాను.

ఇక వివరాల గొడవ. రిజిస్ట్రేషన్‌కని వాళ్లు పంపిన ఎక్సెల్ షీటులో పేరు, పుట్టినతేదీ, తండ్రి ఫోన్ నంబరు, ఆధార్, కులం, ఫొటో అన్నీ అడిగారు. భిన్నాలు నేర్పడానికి కులమెందుకయ్యా అంటే, "రిపోర్టులో ఒక కాలమ్ ఉంటుంది సార్" అన్నాడు వచ్చిన కుర్రాడు. మా హెచ్ఎం మేడమ్‌కి వేరే భయం. "ఫ్రీగ ఇస్తున్నరు, మనం గిన్ని ప్రశ్నలేస్తే పక్క బడికి ఇచ్చేస్తరు సార్" అన్నారు. ఆమె భయం కూడా అర్థం చేసుకోదగ్గదే. సర్కారు బడికి ఇచ్చేవాళ్లు క్యూలో నిలబడి ఉండరు.

కానీ చట్టం ఒకటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, అది నిజంగా తల్లిదండ్రులదేనని తేలాలి. పిల్లల కదలికల మీద నిఘా, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు వేయడం కుదరదు. పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా. 2025 నవంబరులో నిబంధనలు కూడా వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలుకు ఏడాదిన్నర గడువిచ్చారు. బడులకు కొంత మినహాయింపు ఉంది గానీ, అది చదువు పనికి, పిల్లల భద్రతకు మాత్రమే. ఇది మేడమ్‌కి చూపించాక ఆమే ముందుకొచ్చారు.

మేం చేసింది చాలా చిన్న పని. పేర్ల బదులు 8బి-17 లాంటి కోడ్‌లు ఇచ్చాం. ఏ కోడ్ ఎవరిదో ఒక రిజిస్టర్‌లో రాసి బీరువాలో పెట్టాం. ఆధార్, కులం, ఫొటో గడులు ఖాళీ. సాఫ్ట్‌వేర్ ఏమీ అనలేదు, హాయిగా పనిచేసింది. ఇన్నాళ్లూ అవన్నీ ఎందుకడిగినట్టో మరి.

సమ్మతి పత్రం ఇంగ్లిష్‌లో రెండు పేజీలు వచ్చింది. మా తల్లిదండ్రుల్లో అది చదివేవాళ్లు ఎందరు? దాన్ని పక్కనపెట్టి తెలుగులో అయిదు వాక్యాలు నేను రాశాను, ఉర్దూలో మా ఉర్దూ సార్ రాశారు. ఏం తీసుకుంటారు, ఎక్కడ పెడతారు, ఎన్నాళ్లు ఉంచుతారు, వద్దంటే ఏం చేయాలి, వద్దన్నా పిల్లల చదువు ఆగదు. అంతే. పేరెంట్స్ మీటింగులో చదివి వినిపిస్తుంటే, ఇళ్లలో పనిచేసే ఒక తల్లి అడిగింది: "మా పోరి గొంతు గూడ వాళ్ల దగ్గర ఉంటదా సారు?" ఆ సాఫ్ట్‌వేర్‌లో మాట్లాడి జవాబు చెప్పే సదుపాయం ఉంది. అసలు ఈ ప్రశ్న నాకే తట్టలేదు. కంపెనీకి మెయిల్ పెడితే జవాబు రావడానికి వారాలు పట్టింది. అది వచ్చేదాకా మైక్ ఆపేసి ఉంచాం.

గొంతు సంగతి వచ్చింది కాబట్టి గూగుల్ రీడ్ అలాంగ్ యాప్ గురించి చెప్పాలి. ఇది 2019లో బోలో పేరుతో హిందీ, ఇంగ్లిష్‌లతో మన దేశంలో వచ్చింది. 2020కల్లా పేరు మారింది, తెలుగు, ఉర్దూ కూడా చేరాయి. పిల్లలు పైకి చదువుతుంటే విని తప్పిన పదం దగ్గర సాయం చేస్తుంది. పైసా ఖర్చు లేదు, కథలు డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది, గొంతు ఆ ఫోన్‌లోనే విశ్లేషణ అయిపోతుంది. మా అవసరానికి సరిగ్గా సరిపోయింది. ఆరో తరగతిలో క్లాసు ముందు నోరు విప్పని పిల్లలు ఫోన్ ముందు గడగడా మొదలుపెట్టారు. మొదట తెలుగు కథలు, తర్వాత ఇంగ్లిష్. ఇరుకు గదిలో ఇరవైమంది ఒకేసారి చదివితే ఏ మైకూ తట్టుకోదు కాబట్టి పిల్లల్ని వరండాలో దూరదూరంగా కూర్చోబెట్టాం. కోఠి గుజరాతీ గల్లీలో మైక్ ఉన్న హెడ్‌సెట్లు బేరమాడి తెచ్చాను. ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం కనపడిన కొనుగోలు అదొక్కటే అంటాను.

మూడోది నేను వాడే చాట్‌బాట్. పేరు అనవసరం, పెద్దవన్నీ ఇప్పుడు ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి. ఒకే పాఠానికి మూడు స్థాయుల వర్క్‌షీట్లు, తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కన. ఇదివరకు ఆదివారం సాయంత్రమంతా తినేసే పని ఇప్పుడు భోజనం వేళకు అయిపోతుంది. అయితే లాభనష్టాల షీటులో ఒకసారి జవాబుల పట్టికే తప్పిచ్చింది, అదీ ఎంతో నమ్మకంగా. అందుకని ప్రతి లెక్కా నేను చేసి చూశాకే జిరాక్స్‌కి పంపుతాను. పిల్లల పేరు, మార్కులు అందులో ఎప్పుడూ పెట్టను. పిల్లల చేతికి నేరుగా ఇవ్వను కూడా. యునెస్కో 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 ఏళ్లు కనీస వయసుగా ఉండాలంది. చాట్‌జీపీటీ నిబంధనల్లోనూ 13 దాటాలి, 18 లోపైతే పెద్దల అనుమతి ఉండాలి. మా ఆరు, ఏడు తరగతులు ఆ లెక్కలోకే రావు.

తెలుగుకి సంబంధించి కొనేవాళ్లు అడగని విషయం ఒకటుంది. ఈ యంత్రాలు మన వాక్యాన్ని ముక్కలుగా కోసి, ముక్కకింత అని లెక్కగడతాయి. తెలుగుకి ముక్కలు బాగా ఎక్కువయ్యేవి. 2024 మేలో జీపీటీ-4ఓ అనే కొత్త మోడల్ తెచ్చినప్పుడు, చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ చూపిన ఉదాహరణలో అదే తెలుగు మాటలు 159 ముక్కల నుంచి 45కి దిగాయి. అంటే పాత మోడల్ మీద కట్టిన సాఫ్ట్‌వేర్‌కి తెలుగులో అడిగితే ఇంగ్లిష్ కంటే కోటా తొందరగా కరిగిపోతుంది. వాడకం మీద బిల్లు వేసే కంపెనీ వస్తే "తెలుగులో ఎంత పడుతుంది?" అని అడగండి. డెమో కూడా మీ పాఠ్యపుస్తకంలోని తెలుగు పేజీతోనే చేయించండి. వాళ్లు తెచ్చుకున్న ఉదాహరణతో వద్దు.

ఇప్పుడు డబ్బు. సీఎస్ఆర్ అంటే 2013 కంపెనీల చట్టం కింద లాభాల సగటులో 2 శాతం. ఆ నిబంధనల్లో బహుళ సంవత్సరాల ప్రాజెక్టుకి, మొదలైన ఏడాది కాకుండా మూడేళ్లే గరిష్ఠం. చాలామంది అంతకూడా ఇవ్వరు. మాకు ఇచ్చినవాళ్లు రెండేళ్లకు ఒప్పుకున్నారు, అయిపోయింది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి కొటేషన్ వచ్చింది, పిల్లాడికి నెలకు 100 రూపాయలు. వినడానికి చాయ్ ఖర్చే. 300 మంది, పది నెలలు అంటే 3 లక్షలు, మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 3,54,000. మా సైజు బడికి సమగ్ర శిక్షా పథకం కింద బడి ఖర్చులకు వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 75,000. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే పెట్టాలి. మిగిలినదాంట్లో సుద్దముక్కల నుంచి చిన్నచిన్న రిపేర్ల దాకా. బేరమాడి, ఆరో తరగతి వరకే లైసెన్సులు తీసుకున్నాం, అదీ పూర్వ విద్యార్థులు చందాలేస్తే. మిగతా పిల్లల డేటా తీసేసినట్టు రాసివ్వమంటే ఆ కాగితం కోసం ఎన్నిసార్లు వెంటపడ్డానో!

కంపెనీలు శాశ్వతం అనుకోవద్దు. పక్క రాష్ట్రంలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు ఇచ్చారు. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలో పడింది. లాస్ ఏంజెలస్ బడులు 2024 మార్చిలో ఎడ్ అనే చాట్‌బాట్ ఆర్భాటంగా తెస్తే, దాన్ని చేసిన కంపెనీ జూన్‌కల్లా సిబ్బందిలో ఎక్కువమందిని ఇంటికి పంపింది. "ఏడాది ఫ్రీ" ఆఫర్లకూ ఇదే జాగ్రత్త. చాట్‌జీపీటీ గో అనే చందా ప్లాన్ 2025 నవంబరు నుంచి మన దేశంలో ఏడాది ఉచితం అన్నారు. అప్పుడు తీసుకున్న టీచర్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. కానీ అది శాశ్వతమనుకుని బడి పనంతా దానిమీద కట్టేస్తే తర్వాత నెలనెలా చందా (2025లో 399 రూపాయలు) ఎవరు కడతారో కూడా అనుకోవాలి.

ప్రభుత్వం వైపు నుంచి కదలిక ఉంది. 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తోడ్పాటుతో ప్రాథమిక బడుల్లో ఏఐతో చదవడం, లెక్కలు నేర్పే ప్రయోగం మొదలైంది. మా హైస్కూల్‌కి అది రాలేదు కాబట్టి బాగోగులు చెప్పను. బడి బడికీ ఒక కంపెనీ, ఒక యాప్ అన్న పద్ధతి కంటే ఇది మేలని మాత్రం అనుకుంటాను. ఒక్కో హెచ్ఎం ఒంటరిగా కంపెనీతో బేరమాడలేరు, రాష్ట్రం ఆడగలదు.

దాతలకు ఒక మాట. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో అయిదేళ్ల కాంట్రాక్టు మీద హైస్కూళ్లకు కంప్యూటర్లు, నేర్పేవాళ్లు వచ్చారు. గడువు తీరగానే నేర్పేవాళ్లు వెళ్లిపోయారు, కంప్యూటర్లు దుమ్ము పట్టాయి. ఇప్పుడు ట్యాబ్‌లకూ అదే గతి పట్టకూడదంటే లైసెన్సులకు ఇచ్చే డబ్బులో సగం మనిషికివ్వండి. మా ల్యాబ్‌కి పూటకు ఒక్కరుంటే చాలు: ఛార్జింగ్ పెట్టడానికి, పాస్‌వర్డ్ మరిచిపోయిన పిల్లలకు తెరిచివ్వడానికి, సూచన బటన్ మీద ఓ కన్నేసి ఉంచడానికి. ఆ గౌరవ వేతనం, విరిగిన స్క్రీన్లకు, పోయిన ఛార్జర్లకు కొంత, హెడ్‌సెట్లకు కొంత. ఈసారి ఎస్ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) తీర్మానంలో మేం అడిగింది ఇదే. కొత్త సాఫ్ట్‌వేర్ ఒక్కటీ అడగలేదు.