అప్‌డేట్ ఫెయిల్ అయితే ఏది మేలు: ఫార్మాటా, పైనే మళ్ళీ విండోస్ ఎక్కించడమా?

అప్‌డేట్ సగంలో ఆగిపోయి, సిస్టమ్ రీస్టార్ట్ అయి, చేసిన మార్పులు వెనక్కి తీస్తున్నాం అని ఇంగ్లీషులో ఒక లైను చూపించి మళ్ళీ మొదటికొచ్చిందంటే, మా కడపలో ఎవరిని అడిగినా ఒకే మాట చెప్తారు: "ఫార్మాట్ కొట్టించు, పోతుంది." ఏడు రోడ్ల దగ్గర షాపుకు తీసుకెళ్ళినా అదే, ఇంజనీరింగ్ చదివే పక్కింటి పిల్లోణ్ణి పిలిచినా అదే. నా లెక్కలో ఇంట్లో వాడే కంప్యూటర్‌కు చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే అది.

ముందు ఎర్రర్ కోడ్ చూడండి, ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. 80070070 అని ఉంటే సీ డ్రైవ్‌లో జాగా లేదని అర్థం, అంతే. డౌన్‌లోడ్స్‌లో పేరుకుపోయిన సినిమాలు, పాత వీడియోలు ఇంకో డ్రైవ్‌లోకి మార్చి, డిస్క్ క్లీనప్ నడిపి మళ్ళీ ప్రయత్నిస్తే చాలు. 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన ఒక సెక్యూరిటీ అప్‌డేట్ 80070643 అనే కోడ్‌తో ఎంతోమందికి ఫెయిల్ అయింది. దానికి కారణం రికవరీ పార్టిషన్‌లో, అంటే విండోస్ రిపేర్ సాధనాల కోసం డిస్క్‌లో విడిగా పెట్టిన చిన్న భాగంలో, 250 ఎంబీ ఖాళీ లేకపోవడం. ఆ కాస్త జాగా కోసం సీ డ్రైవ్ మొత్తం తుడిచేయించుకున్నవాళ్ళను తలుచుకుంటే బాధేస్తుంది.

అప్‌డేట్ ఎక్కిన తర్వాతే సిస్టమ్ మొరాయిస్తుంటే, ప్రింటర్ పనిచేయకపోవడమో నీలం స్క్రీన్ రావడమో జరుగుతుంటే, ఆ అప్‌డేట్‌ను తీసేయడం అన్నిటికన్నా తేలిక. సిస్టమ్ ఆన్ కాకపోయినా పర్లేదు, వరసగా రెండు మూడుసార్లు బూట్ ఫెయిల్ అయితే రికవరీ స్క్రీన్ దానంతటదే వస్తుంది, అందులో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటుంది. పెద్ద వెర్షన్ మారినప్పుడైతే వెనక్కి వెళ్ళడానికి మామూలుగా 10 రోజులే గడువు, ఆ లోపే తేల్చుకోవాలి.

ఇవేవీ కుదరక, అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిజం (DISM), ఎస్‌ఎఫ్‌సీ (SFC) అనే, పాడైన విండోస్ ఫైళ్ళను సరిచేసే కమాండ్లు రెండూ నడిపినా అదే అప్‌డేట్ అదే చోట ఆగిపోతుంటే, అసలు పోటీ అప్పుడు మొదలవుతుంది. ఒకవైపు రిపేర్ ఇన్‌స్టాల్, అంటే ఉన్న విండోస్ మీదే మళ్ళీ అదే విండోస్ ఎక్కించడం. ఇంకోవైపు ఫార్మాట్. మధ్యలో విండోస్‌లోనే ఉండే రీసెట్ ఒకటుంది, దాని గురించి జాగ్రత్త: అందులో కీప్ మై ఫైల్స్ అని కనిపించగానే అన్నీ ఉంటాయనుకుంటారు. ఫైళ్ళు ఉంటాయి, మీరు ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి.

ఆ తేడా ఎంత పెద్దదో మా వీధిలో పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే అక్క సిస్టమ్ చూస్తే తెలుస్తుంది. అందులో పాత పేజ్‌మేకర్ అనే పేజీల డిజైన్ ప్రోగ్రాము, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు, దానికి తగ్గ కీబోర్డు సెట్టింగు, ప్రింటర్ డ్రైవర్, ట్యాలీ అన్నీ ఉన్నాయి. పేజ్‌మేకర్ సీడీ ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. ఫార్మాట్ చేస్తే విండోస్ ఎక్కించడం ఒక పూట పనే గానీ ఇవన్నీ మళ్ళీ వెతికి, ఎక్కించి, ఫాంట్లు సరిగ్గా పడేలా చేసుకోవడానికి ముహూర్తాల సీజన్లో ఎవరికి తీరిక? అందుకే ఆమెకు రిపేర్ ఇన్‌స్టాలే చెప్పాను. ప్రోగ్రాములు, ఫైళ్ళు, ఫాంట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, అప్‌డేటూ ఎక్కింది.

చేయడం కష్టమేం కాదు. మైక్రోసాఫ్ట్ సైటు నుంచే ఐఎస్‌ఓ ఫైలు, అంటే విండోస్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది, దింపుకుని, విండోస్ నడుస్తుండగానే దాన్ని తెరిచి సెటప్ నొక్కాలి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే ప్రోగ్రాములు నిలబెట్టుకునే దారి ఉండదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇన్‌స్టాల్ నొక్కే ముందు కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్ అని చూపిస్తోందా లేదా చూడండి. అది నొక్కడానికి వీల్లేకుండా ఉంటే చాలావరకు భాష తేడా, మీది అమెరికా ఇంగ్లీషు విండోస్ అయి ఐఎస్‌ఓ ఇంకో ఇంగ్లీషుది అయుంటుంది, లేదా విండోస్‌లో హోమ్, ప్రో రకాల తేడా అయుంటుంది. అక్కడే ఆపి సరైన ఫైలు దింపుకోండి.

దీనికీ ఇబ్బందులు లేకపోలేదు. ఫైలు 5 జీబీ పైనే ఉంటుంది, రోజుకు 1.5 జీబీ ప్లానుతో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకునేవాళ్ళకు ఒక్కరోజులో దిగదు, ఫైబర్ ఉన్నవాళ్ళింట్లో దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని లోపలికి కాపీ చేసుకోవడం మేలు. సీ డ్రైవ్‌లో 20 జీబీ దాకా ఖాళీ కావాలి. పాత హార్డ్ డిస్క్ అయితే గంటల తరబడి నడుస్తుంది, మా ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు పొద్దున్నే మొదలుపెట్టండి. శాతం కదలడం లేదని టెన్షన్ పడి పవర్ బటన్ పట్టుకుని నొక్కేస్తే మాత్రం చిన్న సమస్య పెద్దదవుతుంది.

ఫార్మాటే మేలైన సందర్భాలూ ఉన్నాయి, కాదనను. వైరస్ లోతుగా పాకినప్పుడు, ఎవరో ఎక్కించిన క్రాక్ విండోస్ ఉన్నప్పుడు, సిస్టమ్ ఇంకొకరికి ఇచ్చేసేటప్పుడు కొత్తగా ఎక్కించుకోవడమే మంచిది. హార్డ్ డిస్క్ చెడిపోతోంటే రిపేరూ నిలవదు, ఫార్మాటూ నిలవదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో డిస్క్ ఆరోగ్యం చూసి, బాగోలేదంటే ముందు ఫైళ్ళు కాపాడుకుని ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా నడిచే కొత్తరకం డిస్క్) వేయించి దాని మీద కొత్తగా ఎక్కించండి.

షాపుకే ఇవ్వాల్సి వస్తే "డీ డ్రైవ్ ముట్టుకోం సార్" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి, పిల్లల ఫోటోలు పోయేది అక్కడే. వాటి కాపీ మీ చేతికొచ్చాకే సిస్టమ్ అప్పజెప్పండి. కొత్త ల్యాప్‌టాప్ అయితే డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉండొచ్చు, దాని 48 అంకెల రికవరీ కీ కూడా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో చూసి రాసిపెట్టుకోండి. అది అడిగినప్పుడు మీ దగ్గర లేకపోతే ఆ డ్రైవ్‌లోని ఫైళ్ళను ఎవరూ తెరవలేరు.

పాత సిస్టమ్‌లో విండోస్ 11 ఎక్కనంటోందంటే అది ఫెయిల్ అయిన అప్‌డేట్ కాదు. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేకపోయినా, ఇంటెల్‌లో 8వ తరం కన్నా పాత ప్రాసెసర్ ఉన్నా అది మామూలుగా ఒప్పుకోదు, ఎన్ని ఫార్మాట్లు కొట్టించినా అంతే. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, అలాంటి సిస్టమ్‌లో బ్యాంకు పనులు చేసుకునేవాళ్ళు సపోర్ట్ ముగిశాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరడమో, విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారడమో ఇప్పుడే చూసుకోండి.