నరసాపురంలో అరబిక్ క్లాసు: మా చెల్లిని చేర్పించాక

నేను కువైట్‌లో ఆరేళ్లు ఇంటిపని చేసి వచ్చాను. మా చెల్లికి వీసా రాగానే, నాలా మాట రాకుండా వెళ్లకూడదని నరసాపురంలో ఒక స్పోకెన్ అరబిక్ క్లాసులో చేర్పించాను. ఆరు వారాలకు 3,500 రూపాయలు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి రోజూ తనతో వెళ్లి వెనక బల్ల మీద కూర్చునేదాన్ని.

మాస్టారికి సర్టిఫికెట్ ఉంది, చదువు నిజంగా గొప్పది. 28 అక్షరాలూ ముత్యాల్లా రాసేవారు. కానీ గంట క్లాసులో యాభై నిమిషాలు ఆయనే మాట్లాడేవారు. పదకొండు మంది ఆడవాళ్లం తల వంచుకుని రాసుకోవడమే. పైగా అది పుస్తకాల అరబీ. 'ఏం కావాలి' అని ఆడమనిషిని అడగాలంటే 'మాదా తురీదీన్' అని నేర్పారు. కువైట్ ఇంట్లో 'ష్‌తబీన్' అంటారు. 'ఖల్బ్' గుండె, 'కల్బ్' కుక్క అని రెండు రోజులు దిద్దించారు. అక్కడ వినిపించేది 'గల్బ్', 'చల్బ్'. వెళ్లిన కొత్తలో మామా (ఇంటావిడను అలాగే పిలుస్తాం) ఏదో అడిగితే బిత్తరపోయి నిలబడటం గుర్తొచ్చి నాకు మళ్లీ టెన్షన్ పట్టుకుంది.

రెండో వారం క్లాసు నడిపే మేడమ్‌తో చెప్పాను. ఆవిడ కొట్టిపారేయలేదు. మూడు రోజులు క్లాసులో కూర్చుని, ఎవరు ఎన్నిసార్లు అరబీలో నోరు తెరిచారో గీతలు పెట్టారు. మా చెల్లికి మూడు రోజులకీ కలిపి రెండే గీతలు. క్లాసును ఫోన్‌లో తీసి మాస్టారికే చూపించారు. ఆయన నొచ్చుకోలేదు. మర్నాడే నన్ను పిలిచి, "మీరు మామాగా ఉండండమ్మా, వీళ్లకు పని చెప్పండి" అన్నారు. ఆ మాటకు ఆయన మీద గౌరవం పెరిగింది. అప్పట్నుంచి బియ్యం కడగమనడం, తల్లాజా (ఫ్రిజ్)లోంచి పాలు తెమ్మనడం, బాబుకి జ్వరమని చెప్పడం. అర్థం కాకపోతే తల ఊపకుండా 'మా ఫహమ్త్, శ్వయ్ శ్వయ్' అనాలి. అంటే అర్థం కాలేదు, మెల్లగా చెప్పండి అని. ఐదో వారంలో చెల్లికి ఒక్క క్లాసులోనే పద్నాలుగు గీతలు.

లోటు ఇంకా ఉంది. మగవాళ్లను పలకరించే 'ష్లోనక్' నేర్పారు, ఆడవాళ్లను 'ష్లోనిచ్' అనాలని నేనే చెప్పాను. జీతం ఆగితే ఎలా అడగాలో ఒక్క రోజుతో సరిపెట్టారు. దానికి వారమైనా ఇవ్వాలి.

చేరేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక రోజు వెనక కూర్చుని చూడండి. నేర్చుకునేవాళ్ల గొంతు వినిపిస్తుంటే చేరండి.

చెల్లి వెళ్లిన రెండో రోజే ఫోన్ చేసింది. "మామా గబగబా ఏదో చెప్పింది. శ్వయ్ శ్వయ్ అన్నానక్కా, మళ్లీ చెప్పింది" అంది.