షూ లేసు పొట్టిదా, పొడుగుదా? కొస చెదిరితే మంటా, జిగురా, స్లీవా?

దుకాణంలో దొరికే లేసుల కొలతలు వేరు, మన షూకు కావలసిన కొలత వేరు. 105 సెంటీమీటర్లు కావాలని వెళితే అక్కడ ఉండేవి 90, 120. ఏది తీసుకోవాలని అడిగితే 120 అనే చెబుతాను. పొడుగు లేసును కత్తిరించుకోవచ్చు, పొట్టి లేసును సాగదీయలేం. అయినా కత్తెర పెట్టడానికి చాలామంది వెనకాడతారు. కొసన ఉన్న ప్లాస్టిక్ తొడుగు పోతే వారం తిరక్కుండా పోగులన్నీ విడిపోతాయని వారి భయం. ఆ తొడుగును ఇంట్లోనే వేసుకోవడం తెలిస్తే, పొడవు గురించి దిగులు సగం తగ్గిపోతుంది.

ముందు పొడవు సంగతి చూద్దాం. ఎదురెదురుగా ఉన్న రెండు రంధ్రాలను ఒక జతగా లెక్కపెట్టండి. ఆఫీసుకు వేసుకునే తోలు షూకు నాలుగు జతలుంటే 75 సెంటీమీటర్లు, ఐదుంటే 90 సరిపోతాయి. స్పోర్ట్స్ షూకు ఆరు జతలుంటే 110 నుంచి 120, ఏడుంటే 120, ఎనిమిదుంటే 140 దాకా కావాలి. మామూలుగా ఇంటూ గుర్తులా అల్లేవారికి ఇది సుమారు లెక్క. వెడల్పు పాదం ఉన్నవారికి మాత్రం ఈ లెక్క తప్పుతుంది. పాదం లావుగా ఉంటే షూ రెండు అంచుల మధ్య ఎడం పెరుగుతుంది. ఆరు జతల షూలో లేసు ఆ ఎడాన్ని పదకొండు సార్లు దాటుతుంది కాబట్టి, ఎడం ఒక్క సెంటీమీటరు పెరిగినా దాదాపు పది సెంటీమీటర్ల లేసు ఎక్కువ పడుతుంది. ఒకే సైజు షూ వేసుకునే అన్నదమ్ములిద్దరిలో ఒకరికి లేసు చాలి, మరొకరికి చాలకపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్కల కన్నా నమ్మదగినది పాత లేసే. దాన్ని పూర్తిగా తీసి, నిటారుగా పరిచి, టేపుతో కొలవండి. అది లేకపోతే ఏదైనా పురికొస షూకు అల్లి, పాదం పెట్టి బిగించి చూడండి. చివరి రంధ్రం దాటాక ఒక్కో వైపు 25 నుంచి 30 సెంటీమీటర్లు మిగిలితే ముడి హాయిగా పడుతుంది.

అంతకు మించి మిగిలితే అందం చెడటమే కాదు, ముడి కూడా నిలవదు. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ పరిశోధకులు పరుగెత్తే కాలిని హైస్పీడ్ కెమెరాతో చిత్రించి దీన్ని గమనించారు. పాదం నేలను తాకినప్పుడు గురుత్వాకర్షణకు ఏడు రెట్ల దెబ్బ తగిలి ముడి వదులవుతుంది. కాలు ఊగినప్పుడు విసురుగా కొట్టుకునే కొసలు ఆ వదులైన ముడిని లాగేస్తాయి. కొసలకు బరువు తగిలించి చూస్తే ముడి మరింత తరచుగా విడిపోయింది. పొడవాటి కొసల బరువూ అలాగే పని చేస్తుంది. అందుకే 120 కొనమన్నా, దాన్ని అలాగే వేలాడదీసుకోమనను.

ఇంట్లో ఇప్పటికే పొట్టి లేసు ఉంటే పారేయనక్కరలేదు. ఒక గడి (ఒక జత నుంచి పై జతకు ఉన్న దూరం) ఇంటూలా దాటించి, తర్వాతి గడి అదే వైపున నిలువుగా పైకి తీసుకుపోయే అల్లిక ఒకటుంది. అన్ని రంధ్రాలనూ వాడుకుంటూనే అతి తక్కువ లేసుతో అయ్యే అల్లిక ఇదేనని బర్కార్డ్ పోల్‌స్టర్ అనే గణితవేత్త 2002లో నేచర్ పత్రికలో చూపించారు. బిగువు మాత్రం మామూలు అల్లికంత ఉండదు. నడకకు చాలు, ఆటలకు నేను సిఫారసు చేయను.

ఇక కొసలు. ముందుగా లేసు నూలుదో, పాలిస్టర్‌దో తేల్చుకోండి. ఒక పోగు లాగి, పట్టుకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపండి. కాగితం కాలిన వాసనతో బూడిదైతే నూలు, ముడుచుకుని గట్టి పూసలా మారితే పాలిస్టర్ లేదా నైలాన్.

మంటతో కొసను కరిగించే పద్ధతి సింథటిక్ లేసుకే పనికొస్తుంది. నూలైతే కాలిపోతుంది. ఈ పని నిమిషంలో అయిపోతుంది, ఖర్చు లేదు. కానీ కరిగిన కొస గరుకుగా, ఉబ్బుగా గట్టిపడి చిన్న రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. వేడిగా ఉండగానే వేళ్లతో నొక్కితే కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అతుక్కుని కాలుతుంది. సూపర్ గ్లూ కొసను గట్టిగానే చేస్తుంది, కానీ పెళుసుగా ఉండి వంగినచోట విరుగుతుంది. పైగా ఆ జిగురు నూలుతో కలిస్తే వేడెక్కి పొగలు కక్కుతుంది. నూలు లేసుకు దాన్ని వాడవద్దు. గోళ్ల రంగు తాత్కాలికంగా పరవాలేదు. సెల్లోటేపు తడి తగిలితే ఊడిపోతుంది. నూలు లేసుకు మైనం పట్టించిన దారాన్ని బిగుతుగా చుట్టి, సూదితో లోపలికి కుట్టేసే పద్ధతి చక్కగా నిలుస్తుంది, అయితే ఓపిక కావాలి.

వీటన్నిటి కన్నా ఎలక్ట్రీషియన్లు వైర్లకు తొడిగే హీట్ ష్రింక్ స్లీవ్ అనే సన్నటి ప్లాస్టిక్ గొట్టమే మేలు. ఎలక్ట్రికల్ దుకాణాల్లో, హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలో ఇది మీటర్ల లెక్కన దొరుకుతుంది. వేడి తగిలితే సగం వెడల్పుకు కుంచించుకుపోతుంది. నూలు, సింథటిక్ రెండింటికీ పనికొస్తుంది. మామూలు లేసుకు 4 మిల్లీమీటర్లది చాలు, సన్నటి గుండ్రటి లేసుకు 3 తీసుకోండి.

లేసును ఒక్క కొస వైపే కత్తిరించండి, రెండో కొసన కంపెనీ తొడుగు అలాగే ఉంటుంది. కత్తిరించిన కొసను తడి చేసి, పోగుల పేట ఉన్న వైపే మెలితిప్పండి. బల్లపరుపు లేసైతే నిలువుగా మడవండి. రెండు సెంటీమీటర్ల స్లీవ్ ముక్క తొడిగి, లేసు రెండు మిల్లీమీటర్లు బయటికి కనిపించేలా ఉంచండి. లైటర్ మంటను తగలనీయకుండా కాస్త దూరంలో పెట్టి లేసును తిప్పుతూ ఉంటే స్లీవ్ కళ్ల ముందే బిగుసుకుంటుంది. చల్లారాక బయటికి వచ్చిన పోగులతో సహా స్లీవ్ కొసను పదునైన కత్తెరతో ఒకే వేటున కత్తిరించండి. ఈ చివరి కోత వల్లే కొస నున్నగా వస్తుంది. మంట పని పెద్దవాళ్లే చేయాలి.

లేసు కొసన కాకుండా మధ్యలో అరిగితే మరమ్మతు వద్దు, కొత్తది కొనండి. కొన్నాక వేసే ముందు రంధ్రాల చుట్టూ ఉన్న లోహపు రింగుల్ని వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా అంచు గీరుకుంటే సన్నటి గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయండి, లేకపోతే కొత్త లేసు కూడా అక్కడే తెగుతుంది.